పసుపు, మలాము, పేటెంటు: గాయం మాన్పే మొక్కల చరిత్రలో మూడు ప్రశ్నలు

ఒక మందును గురించి మూడు ప్రశ్నలు అడగవచ్చు. అది ముందుగా ఎవరికి తెలుసు? అది నిజంగా పని చేస్తుందా? దాని వల్ల కలిగే లాభం ఎవరికి చేరాలి? మొదటి ప్రశ్నకు చరిత్రకారుడు, రెండవదానికి వైద్యుడు, మూడవదానికి సమాజం జవాబు చెప్పవలసి ఉంటుంది. మన దేశంలో సంప్రదాయ వైద్యాన్ని గురించి జరిగే చర్చలలో ఈ మూడింటినీ కలిపివేయడం పరిపాటి. పాత గ్రంథంలో పేరు కనిపిస్తే చాలు, మందు గుణం రుజువైనట్టే భావించేవారు ఒక వైపు ఉన్నారు. ప్రయోగశాలలో తేలలేదు గనుక ఆ గ్రంథాలే పనికిరానివని తోసిపుచ్చేవారు మరొక వైపు ఉన్నారు. చర్మంపై గాయాలను మాన్పే మొక్కల చరిత్ర, అందులోనూ పసుపు చరిత్ర, ఈ ఇరువురూ ఎక్కడ పొరబడుతున్నారో చూపుతుంది.

ఇది మనకు దూరపు చరిత్ర కాదు. కరీంనగర్ నుంచి జగిత్యాలకు పోయే దారికి చేరువలో మల్యాల, దాని పరిధిలో కొండగట్టు ఉన్నాయి. అక్కడి నుంచి జగిత్యాల దాటి కోరుట్ల, మెట్‌పల్లి వైపు సాగితే తెలంగాణలో పసుపు విస్తారంగా పండే నేల వస్తుంది. వానాకాలం మొదట్లో నాటిన దుంప ఎనిమిది, తొమ్మిది నెలలకు చేతికి వస్తుంది. దానిని తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, రుద్ది కొమ్ములుగా చేసి మార్కెట్టుకు తోలుతారు. ఈ పల్లెల్లో కొడవలి తెగినా, కాలికి రాయి తగిలినా మొదట చేయి పోయేది పసుపు డబ్బా మీదికే. ఇది హిందువుల ఇంట్లో ఒక రకంగా, ముస్లిముల ఇంట్లో మరొక రకంగా ఉండే అలవాటు కాదు. ఈ అలవాటు 1996లో అమెరికా దేశపు పేటెంటు కార్యాలయంలో వివాదాంశమైంది. ఆ వివాదంలో సాక్ష్యం చెప్పినవి సంస్కృత, ఉర్దూ, హిందీ పుటలు. ఆ పుటలు ఎలా సమకూడాయో ముందు తెలుసుకోవాలి.

విడిపోయినదానిని కలపడం

ఇస్లామీయ నాగరికతలో వైద్యం మూడు ధారల కలయికగా రూపొందింది. గ్రీకు వైద్యుడు డయోస్కోరిడీస్ మూలికలపై రాసిన గ్రంథాన్ని బాగ్దాదులో ఇస్తిఫాన్ ఇబ్నె బసీల్ అరబీలోకి తెచ్చాడు. క్రీ.శ. 873లో మరణించిన హునైన్ ఇబ్నె ఇస్‌హాఖ్ దానిని సరిదిద్దాడు. ఇది మొదటి ధార. బర్మకీ వంశీయుల ప్రోత్సాహంతో భారతీయ వైద్యుడు మన్కా సుశ్రుతుని గ్రంథాన్ని అరబీలోకి తేవడం రెండవది. క్రీ.శ. 850 ప్రాంతంలో అలీ ఇబ్నె రబ్బన్ తబరీ తన ‘ఫిర్దౌసుల్ హిక్మత్’ చివర భారతీయ వైద్యానికి ప్రత్యేకంగా ఒక భాగమే కేటాయించాడు. ఆయా దేశాల ప్రజలు అనుభవంతో నేర్చుకున్నది మూడవ ధార. క్రీ.శ. 1248లో మరణించిన ఇబ్నె బైతార్ స్పెయిన్ నుంచి సిరియా వరకు తిరిగి, 1400కు పైగా ఔషధ ద్రవ్యాలను తన నిఘంటువులో నమోదు చేశాడు. అందులో ఈ మూడు ధారలూ కనిపిస్తాయి.

గాయాన్ని గురించి ఇబ్నె సీనా (హిజ్రీ 370–428, క్రీ.శ. 980–1037) చేసిన ఆలోచన గమనింపదగినది. శరీరంలో ఒకటిగా ఉండవలసినది విడిపోవడాన్ని ఆయన ‘తఫర్రుఖె ఇత్తిసాల్’ అన్నాడు. మాంసంలో ఏర్పడిన తాజా గాయం ‘జిరాహత్’. అది చీము పట్టితే ‘ఖర్హా’. ఎముకలో ఏర్పడితే ‘కస్ర్’. కనుక వైద్యుని పని విడిపోయినదానిని తిరిగి కలపడం. కలవనీయకుండా అడ్డుపడేదానిని తొలగించడం.

‘అల్ ఖానూన్’ రెండవ సంపుటంలో ఆయన గాయపు మందులను అవి చేసే పనిని బట్టి విడదీశాడు. గాయపు రెండు అంచుల మధ్యనున్న తేమను చిక్కబరచి వాటిని అతికించేది ‘ముద్మిల్’. గుంట పడిన చోట మాంసం పుట్టించేది ‘మున్బిత్’. గాయం పైభాగాన్ని ఆరబెట్టి, కింద సహజమైన చర్మం వచ్చేదాకా పక్కు కట్టి కాపాడేది ‘ఖాతిమ్’. ఇక్కడ మందు పేరు కన్న గాయపు దశ ముఖ్యం. ఒక దశకు పనికివచ్చే మందు మరొక దశకు హాని చేయవచ్చు. గాయం మానడాన్ని ఒక క్రమంగా చూసిన ఈ దృష్టి నేటి వైద్యుడికి కూడా వింతగా తోచదు.

పసుపు ఈ నిఘంటువులలోకి తూర్పు నుంచి వచ్చింది. అరబీలో ‘కుర్కుమ్’ అనే మాట కుంకుమపువ్వుకూ పసుపుకూ కూడా వాడుకలో ఉండేది. లాటిన్ వృక్షశాస్త్రంలోని ‘కర్క్యుమా’ అనే పేరు ఆ మాటనుంచే వచ్చింది. పసుపులోని రంగు పదార్థానికి ఐరోపా శాస్త్రజ్ఞులు పెట్టిన ‘కర్క్యుమిన్’ అనే పేరులో నేటికీ ఆ అరబీ ధ్వని వినిపిస్తుంది. ఫార్సీలో పసుపు ‘జర్ద్ చోబ్’, అంటే పచ్చని కర్ర.

దక్కనులో నిలిచిన వారసత్వం

ఈ విజ్ఞానం దక్కనుకు చేరినప్పుడు అది యథాతథంగా మిగిలిపోలేదు. సికందర్ లోదీ కాలంలో, 1512లో, సంస్కృత గ్రంథాల ఆధారంగా ‘మఅదనుష్షిఫా’ ఫార్సీలో వెలువడింది. బిజాపూరు కొలువులో ఉన్న చరిత్రకారుడు ఫరిష్తా భారతీయ వైద్యంపై ‘దస్తూరుల్ అతిబ్బా’ రచించాడు. మెజారిటీ ప్రజలు వాడే మూలికలు తెలియకుండా వారికి వైద్యం చేయడం సాధ్యం కాదని ఈ రచయితలు గుర్తించారు. కరక్కాయ, ఉసిరి, వేప, పసుపు యూనానీ హకీముల అల్మారాలలోకి చేరాయి. హైదరాబాదులో 1595లో ముహమ్మద్ ఖులీ ఖుతుబ్ షా దారుష్షిఫాను నిర్మించాడు. ఆ తరువాత అసఫ్ జాహీల కాలంలో యూనానీ వైద్యానికి రాజాదరణ కొనసాగింది. ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో చార్మినారు పక్కన కట్టిన నిజామియా తిబ్బీ దవాఖానా నేటికీ ఉంది.

ఈ వారసత్వానికి ఒక నిశ్శబ్ద సాక్షి మన తెలుగు భాష. గాయానికి రాసే లేపనాన్ని తెలంగాణ పల్లెలో ‘మలాము’ అంటారు. అది అరబీ ‘మర్హమ్’ మారిన రూపం. కలబంద రసాన్ని ఎండబెట్టి చేసే నల్లని పదార్థం ‘ముసాంబరం’. అది అరబీ ‘సబ్ర్’, ‘ముసబ్బర్’ అనే మాటలనుంచి వచ్చింది. ఇబ్నె సీనా ‘ముద్మిల్’కు ఉదాహరణగా పేర్కొన్న ద్రవ్యాలలో ఈ సబ్ర్ ఒకటి. బాగ్దాదు పేరు వినని రైతు నోట కూడా ఈ మాటలు స్థిరపడ్డాయంటే, హకీము మందు దర్బారు గోడల మధ్యనే ఉండిపోలేదని అర్థం.

గ్రంథ ముద్రణలో హైదరాబాదు చేసిన సేవ మరింత గొప్పది. 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ 1937లో ఇబ్నుల్ ఖుఫ్ రచన ‘అల్ ఉమ్దా ఫిల్ జిరాహత్’ను రెండు భాగాలుగా అచ్చువేసింది. ఇబ్నుల్ ఖుఫ్ (క్రీ.శ. 1233–1286) కరక్‌లో పుట్టి డమాస్కసులో మరణించిన క్రైస్తవ వైద్యుడు. ఇరవై ప్రకరణాల ఈ గ్రంథం పూర్తిగా శస్త్రవైద్యానికి సంబంధించినది. క్రీ.శ. 925లో మరణించిన అబూబక్ర్ రాజీ రచన ‘అల్ హావీ’ని కూడా ఈ సంస్థే 1955 నుంచి వరుసగా 23 భాగాలలో ప్రచురించింది. డమాస్కసు క్రైస్తవుడు అరబీలో రాసిన శస్త్రవైద్య గ్రంథాన్ని తెలుగు నేల మీది ముద్రణాలయం లోకానికి అందించింది. విద్య ఏ ఒక్క జాతి సొత్తూ కాదనడానికి ఇంతకన్న నిదర్శనం వెదకనక్కరలేదు.

మొదటి ప్రశ్న: ముందుగా ఎవరికి తెలుసు?

1995 మార్చి 28న అమెరికా పేటెంటు కార్యాలయం మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి ఒక పేటెంటు మంజూరు చేసింది. దాని సంఖ్య 5,401,504. విషయం: గాయం మాన్పడానికి పసుపు వాడటం. ఆవిష్కర్తలుగా పేర్కొన్న ఇద్దరూ భారతీయ మూలాలున్న పరిశోధకులే. భారతదేశంలో పసుపు సంప్రదాయ ఔషధమని ఆ పత్రంలోనే ఒప్పుకున్నారు. అయినా గాయంపై పసుపు పొడి ప్రయోగించడం కొత్త ఆవిష్కారంగా లెక్కకు వచ్చింది.

అవ్వలందరికీ తెలిసిన సంగతి కొత్తది ఎలా అయింది? నాటి అమెరికా చట్టం ప్రకారం విదేశంలో కేవలం వాడుకలో ఉన్న జ్ఞానం పేటెంటును అడ్డుకోలేదు. అచ్చులోనో రాతలోనో ప్రచురితమై ఉండాలి. కోట్లమంది చేతివాడుక ఆ చట్టం ముందు మూగదైంది. కనుక భారత శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి 1996లో ఆర్. ఏ. మషేల్కర్ నాయకత్వంలో పేటెంటుపై పునఃపరిశీలన కోరుతూ పుటల వేటకు దిగింది. సంస్కృత, ఉర్దూ, హిందీ భాషలలో 32 ఆధారాలు సమర్పించింది. వాటిలో కొన్ని నూరేళ్లకు పైబడినవి. 1953లో భారత వైద్య సంఘం పత్రికలో వచ్చిన వ్యాసం కూడా వాటితో జోడించింది. 1997లో పేటెంటు రద్దయింది. సంప్రదాయ జ్ఞానం ఆధారంగా ఒక వర్ధమాన దేశం అమెరికా పేటెంటును సవాలు చేసి నెగ్గిన తొలి సందర్భంగా దీనిని పేర్కొంటారు.

ఇంటి వాడుకకు పుస్తకం సాక్షిగా నిలవడం ఇక్కడ గమనింపదగిన విషయం. ఏదో ఒక కాలంలో ఒక హకీము, ఒక వైద్యుడు తాను చూసినదాన్ని రాసిపెట్టాడు, మరొకడు దాన్ని నకలు తీశాడు, ఇంకొకడు అచ్చువేశాడు. వారికి పేటెంటు అంటే తెలియదు. వారు చేసిన పనే తరువాతి తరాల హక్కును కాపాడింది. ఈ అనుభవంతోనే 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం ప్రారంభమైంది. ఆయుర్వేద, సిద్ధ గ్రంథాలతో పాటు అరబీ, ఫార్సీ, ఉర్దూ భాషల్లోని యూనానీ యోగాలను కూడా ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, జపనీస్ భాషల్లోకి తెచ్చి పేటెంటు పరిశీలకులకు అందుబాటులో ఉంచారు.

రెండవ ప్రశ్న: పని చేస్తుందా?

1997 నాటి విజయాన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకున్నారు. పసుపు గాయం మాన్పుతుందని అమెరికా ఒప్పుకున్నదని ప్రచారం జరిగింది. పేటెంటు కార్యాలయం తేల్చినది అది కాదు. ఈ వాడుక కొత్తది కాదని మాత్రమే అది తేల్చింది. పని చేస్తుందా అన్నది వేరే ప్రశ్న. దానికి వేరే సాక్ష్యం కావాలి.

చర్మం తెగినప్పుడు మొదట రక్తం గడ్డకడుతుంది. తరువాత ఆ చోటు ఎర్రబడి వాచి, తెల్ల రక్తకణాలు వచ్చి మురికినీ సూక్ష్మజీవులనూ తొలగిస్తాయి. ఆ పిదప కొత్త రక్తనాళాలు, కొల్లాజెన్ అనే పీచుపదార్థం ఏర్పడి గుంట పూడుతుంది. అంచుల నుంచి చర్మం పాకుతుంది. చివరకు నెలల తరబడి మచ్చ గట్టిపడుతుంది. మొక్కల్లోని రసాయనాలు ఈ దశల్లో ఏదో ఒకదానిపై పని చేస్తాయి.

కర్క్యుమిన్‌ను పసుపునుంచి 1815లో వేరు చేశారు. దాని నిర్మాణాన్ని 1910లో నిర్ణయించారు. కణాలలో వాపును రేపే సంకేతాలను అది తగ్గిస్తుంది. 1998లో ప్రచురితమైన జంతు ప్రయోగాలలో కర్క్యుమిన్ ఇచ్చిన ఎలుకలలో గాయాలు త్వరగా పూడినట్టు కనిపించింది. కాని పసుపు పొడిలో కర్క్యుమిన్ నూటికి కొద్ది పాళ్లే ఉంటుంది. అది నీటిలో దాదాపు కరగదు. అందుచేత ఎలుకపై శుద్ధమైన కర్క్యుమిన్ చూపిన ఫలితం మనిషి గాయంపై చల్లిన పొడి చూపుతుందని చెప్పలేము. కరక్కాయ, మాచికాయ, దానిమ్మ బెరడులో ఉండే టానిన్లు మాంసకృత్తులను బిగించి పైన పలుచని పొర కడతాయి. హకీములు ‘ఖాబిజ్’ అన్న గుణానికి కొంత ఆధారం ఇక్కడ దొరుకుతుంది. సరస్వతి ఆకులోని ఏషియాటికోసైడ్ కొల్లాజెన్ తయారీని పెంచుతుందని ప్రయోగశాలల్లో గమనించారు.

మనుషులపై జరిగిన పరీక్షల ఫలితాలు మిశ్రమంగా ఉన్నాయి. పవిత్ర ఖుర్ఆన్‌లోని నహ్ల్ సూరా ప్రస్తావించిన తేనె విషయంలో, 2015 నాటి కాక్రేన్ సమీక్ష అందుబాటులో ఉన్న పరీక్షలన్నింటినీ పరిశీలించింది. లోతు లేని కాలిన గాయాలు మామూలు కట్లకన్న తేనెతో త్వరగా మానుతాయని తేల్చింది. ఇతర గాయాలలో చాలావాటికి గట్టి నిర్ణయం చెప్పలేకపోయింది. కలబందపై 2012 నాటి సమీక్షకు తగినంత నాణ్యమైన సాక్ష్యమే దొరకలేదు. మరోవైపు బర్చ్ చెట్టు బెరడులోని ట్రైటర్పీన్లతో చేసిన లేపనం, పుట్టుకతో చర్మం పొక్కి ఊడిపోయే అరుదైన వ్యాధిలోని గాయాలకు పనికివస్తుందని మనుషులపై పరీక్షల్లో తేలింది. దానిని 2022లో ఐరోపా, 2023లో అమెరికా ఆమోదించాయి. మొక్క మందు అయినంత మాత్రాన పరీక్ష నెగ్గలేదనడం సరికాదు. పరీక్ష లేకుండానే నెగ్గినట్టు భావించడమూ సరికాదు.

మన పల్లెల్లో పిల్లలకు కూడా తెలిసిన గడ్డిచేమంతి ఇక్కడ మరొక పాఠం చెబుతుంది. గట్ల మీద, బాటల పక్కన పెరిగే ఈ మొక్కను కొన్నిచోట్ల గాయపాకు అని కూడా అంటారు. ఆకు నలిపి రసం పిండితే నెత్తురు ఆగుతుందని నమ్మకం. జంతు ప్రయోగాలు దీనికి కొంత బలం ఇచ్చాయి కూడా. అయితే ఈ మొక్క జన్మస్థానం ఉష్ణమండల అమెరికా. సుశ్రుతుడు గాని, ఇబ్నె సీనా గాని దీనిని చూసి ఉండే అవకాశమే లేదు. అంటే సముద్రాలు దాటి వచ్చిన ఒక కలుపు మొక్కను మన పల్లె జనం తామే పరిశీలించి, తామే వాడి, తమ పిల్లలకు నేర్పారు. సంప్రదాయమంటే పాతదాన్ని మోయడమే కాదు, కొత్తదాన్ని పరీక్షించడం కూడా అని దీని వల్ల విశదమవుతుంది.

అదే పరిశీలన గుణాన్ని మనం మరచిపోతే హాని కలుగుతుంది. బజారు పసుపు శుభ్రపరచిన మందు కాదు. రంగు కోసం సీసం కలిసిన రసాయనాన్ని పసుపులో కలుపుతున్నట్టు 2019లో బంగ్లాదేశ్‌లో జరిగిన పరిశోధన బయటపెట్టింది. మట్టి అంటిన లోతైన గాయానికి ధనుర్వాతం టీకా కావాలి. ఆకు పసరు దానికి బదులు కాదు. చక్కెర వ్యాధి ఉన్నవారి పాదంలో పుండు లేస్తే, నొప్పి తెలియక, ఇంటి కట్టుతో వారాలు గడిపితే చివరకు పాదమే పోయే ప్రమాదం ఉంది. చీము పట్టిన ‘ఖర్హా’ను తాజా ‘జిరాహత్’ నుంచి వేరుగా చూడమన్న ఇబ్నె సీనా మాటను గౌరవించడమంటే, అలాంటి రోగిని ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చడమే.

మూడవ ప్రశ్న: లాభం ఎవరికి?

పేటెంటు రద్దయిన నాడు జగిత్యాల, కోరుట్ల రైతుకు ఒక్క రూపాయి అదనంగా రాలేదు. 2019 లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాద్ స్థానంలో 185 మంది అభ్యర్థులు నిలిచారు. వారిలో అత్యధికులు పసుపుకు, జొన్నకు గిట్టుబాటు ధర కోరుతూ నామినేషన్లు వేసిన రైతులే. జగిత్యాల, కోరుట్ల శాసనసభా నియోజకవర్గాలు ఆ స్థానంలోనివే. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా ప్రారంభమైంది. కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధనా స్థానం ఉంది. మందుగా పసుపు విలువ కర్క్యుమిన్ పాలును, కల్తీ లేని శుద్ధిని బట్టి ఉంటుంది. ఆ రెండింటినీ కొలిచి, దానికి తగిన ధర కల్లంలోనే రైతుకు దక్కేట్టు చేసినప్పుడే మూడవ ప్రశ్నకు జవాబు మొదలవుతుంది.

మొదటి రెండు ప్రశ్నల విషయంలోనూ మనకు పని మిగిలి ఉంది. హైదరాబాదు ఎర్రగడ్డలో చర్మవ్యాధుల యూనానీ పరిశోధనకు జాతీయ సంస్థ ఉంది. చేతిరాతలను భద్రపరచే గ్రంథాలయాలు ఉన్నాయి. కాని పాత ఏలగందుల జిల్లాలో, నేటి కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలలో, హకీముల కుటుంబాల పెట్టెల్లో మిగిలిన ఉర్దూ, ఫార్సీ నుస్ఖాలను చదవగలవారు ఏటేటా తగ్గిపోతున్నారు. కొండగట్టు చుట్టుపక్కల మూలికల పేర్లు తెలిసిన ముసలివారి జ్ఞానానికి కాగితమే లేదు. ఉర్దూ చదవగల విద్యార్థి, తెలుగు వైద్యపదాలు తెలిసిన ఉపాధ్యాయుడు, వృక్షశాస్త్రం తెలిసిన అధ్యాపకుడు కలిసి కూర్చుంటే, ఒక్కొక్క నుస్ఖాను మొక్క పేరుతో, వాడిన తీరుతో, ఏ గాయానికి వాడారో, ఎప్పుడు వాడకూడదన్నారో సహా నమోదు చేయవచ్చు.

అలా నమోదైనది రుజువు కాదు, అది సాక్ష్యం. సాక్ష్యాన్ని దాచడం న్యాయం కాదు, సాక్ష్యాన్నే తీర్పుగా ప్రకటించడం కూడా న్యాయం కాదు. రాసి ఉంచే బాధ్యత మనది. పరీక్షించి తేల్చే బాధ్యత వైద్యశాస్త్రానిది. దుంపను పండించినవాడిని మరువకుండా చూసే బాధ్యత అందరిదీ.